ఒక పౌను ధాన్యము: ధాత కరువు, ఆఫ్ఘను యుద్ధము, మన సంఘముల చరిత్ర

సంఘ చరిత్ర తరగతిలో 1878వ సంవత్సరమును గూర్చి అడిగితే విద్యార్థులు తడుముకోకుండా చెప్తారు: జూలై 3వ తేదీ, గుండ్లకమ్మ నది, ఒకే దినమున 2,222 మందికి బాప్తిస్మము. జవాబు సరియైనదే. ఆ ప్రజలు అంతకు ముందు రెండేండ్లు ఏమి తిని బ్రతికారు, రోజుకెంత తిన్నారు, ఆ కొలతను ఎవరు నిర్ణయించారు అని రెండవ ప్రశ్న వేస్తే తరగతి మౌనముగా ఉంటుంది. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు నాకును ఆ జవాబు తెలియదు. మన పాఠ్యపుస్తకములు కరువును ఉజ్జీవమునకు ముందుమాటగా ఒక పేరాలో ముగించి నదీతీరమునకు వెళ్ళిపోతాయి. ఈ వ్యాసము ఆ పేరా దగ్గరనే ఆగి చూడదలచింది.

నా వాదన ఇది. పంటలు పోయినది వానలు లేకపోవుట వలన. మనుష్యులు లక్షలలో చనిపోయినది మాత్రము గణనీయమైన మేరకు ప్రభుత్వ విధానము వలన. ఆ విధానము మాటలలోనే కాదు, తూకములో కనబడుతుంది: రోజుకు ఒక పౌను ధాన్యము. ఆ తూకము మనిషిని నిలబెట్టదని ఒక వైద్యాధికారి అప్పుడే చెప్పాడు. ఆ తరువాత, అటువంటి మరణములు మరల రాకుండునట్లు ప్రజల యొద్ద వసూలు చేసిన డబ్బు ఒక యుద్ధములో కరిగిపోయింది. మన సంఘములలో అనేకము ఈ సంఘటనల నడుమ పుట్టినవి గనుక ఇది మన చరిత్రకు వెలుపలి విషయము కాదు.

ధాత, ఈశ్వర సంవత్సరములు

ఈ వ్యాసమును తిరుచానూరులో కూర్చుండి వ్రాస్తున్నాను. ఊరి ప్రక్కన పారే స్వర్ణముఖి సంవత్సరములో ఎక్కువ నెలలు ఇసుకగానే ఉంటుంది. ఇక్కడి సేద్యము చెరువుల మీద, బావుల మీద, ముఖ్యముగా ఆశ్వయుజ కార్తీకములలో వచ్చే ఈశాన్య ఋతుపవనముల మీద ఆధారపడినది. 1876లో నైరుతి వానలు చాలీచాలకుండా పడ్డాయి; తరువాత ఈశాన్య వానలు దాదాపుగా రానేలేదు. తెలుగు లెక్కలో అది ధాత నామ సంవత్సరము. అందువలననే దీనికి ధాత కరువు అని పేరు వచ్చింది. మన పొరుగున తమిళులు తాదు సంవత్సరపు కరువు అంటారు. దాని తరువాతి ఈశ్వర సంవత్సరము ఇంకా ఘోరముగా గడిచింది.

అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. అది 1911లో ఏర్పడింది. తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోను, మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలోను ఉండేవి. ఈ రెండు జిల్లాలలో ఏమి జరిగిందో జనాభా లెక్కలే చెప్తాయి. 1871లో ఉత్తర ఆర్కాటు జనాభా సుమారు 20 లక్షలు; 1881లో సుమారు 18 లక్షలు. కడప జిల్లాలో 13 లక్షల 50 వేల నుండి 11 లక్షల 20 వేలకు పడిపోయింది. సాధారణముగా పదేండ్లలో పెరగవలసిన జనాభా ఈ విధముగా తగ్గింది. పెరగవలసినదానిని కూడ లెక్కలోనికి తీసికొంటే లోటు ఇంకా పెద్దది. బ్రిటిషు పాలిత ప్రాంతములు అన్నిటిలో చనిపోయినవారు 50 లక్షలకు పైబడి యుంటారని 1880 నాటి కరువు కమీషను అంచనా. తరువాతి పరిశోధకులు వేసిన లెక్కలు అంతకంటె ఎక్కువ.

ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. ఈ ప్రాంతము బయటి ప్రపంచమునకు అందని అడవి కాదు. మద్రాసు నుండి అరక్కోణము, రేణిగుంట, కడపల మీదుగా రాయచూరుకు వెళ్ళే రైలు మార్గము 1871 నాటికే పూర్తియైనది. అంటే తిరుచానూరుకు కూతవేటు దూరములో ధాన్యపు బండ్లు నడుస్తూనే ఉన్నాయి. అదే కాలములో ఇండియా నుండి ఇంగ్లాండుకు గోధుమల ఎగుమతి అంతకు ముందెన్నడును లేనంతగా పెరిగి 64 లక్షల హండ్రెడ్‌వెయిట్లకు, అనగా మూడు లక్షల టన్నులకు మించినది. తిండి గింజలు దేశములో లేక కాదు, కూలివాని చేతిలో వాటిని కొనే డబ్బు లేకపోయినది. చెరువు ఎండితే రైతుకు పంట పోతుంది, కూలివానికి కూలి పోతుంది, మాదిగవానికి చర్మపు పని పోతుంది, సాలెవానికి గిరాకీ పోతుంది. ధర మాత్రము పెరుగుతుంది. ఆచార్య అమర్త్య సేన్ 1981లో ప్రచురించిన గ్రంథములో కరువులను గూర్చి చెప్పిన సిద్ధాంతమునకు మన జిల్లాలు ఒక శతాబ్దము ముందే సాక్ష్యమిచ్చాయి.

మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ ప్రభుత్వము 1876 చివరిలో ఆర్బత్‌నాట్ కంపెనీ ద్వారా రహస్యముగా 30,000 టన్నుల ధాన్యము కొనుటకు ఏర్పాటు చేసింది. ఇది తెలిసి కలకత్తాలోని వైస్రాయి ప్రభుత్వము మందలించింది. ప్రభుత్వము ధాన్యపు వ్యాపారములో చేయి పెట్టకూడదు, మార్కెట్టు తన పని తాను చేసికొంటుంది అన్నది వారి సిద్ధాంతము. వైస్రాయి లిట్టన్ 1877 జనవరి 1న విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటించుటకు ఢిల్లీలో దర్బారు జరిపించాడు. అదే జనవరిలో పెషావరులో ఆఫ్ఘను అమీరు ప్రతినిధితో చర్చలు మొదలయ్యాయి. అదే జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను వైస్రాయి కరువు ప్రతినిధిగా మద్రాసుకు పంపాడు. ఈ మూడింటిని ఒక్క నెల పుటలో ప్రక్క ప్రక్కన వ్రాసికొంటే ఆ ప్రభుత్వపు మనస్సులో దేనికి ఎంత చోటు ఉన్నదో తెలుస్తుంది.

టెంపుల్ కొలత, కార్నిష్ కొలత

టెంపుల్ చరిత్ర విచిత్రమైనది. 1873-74లో బీహారులో కరువు వచ్చినప్పుడు ఆయనే బర్మా నుండి బియ్యము తెప్పించి ధారాళముగా పంచాడు. అక్కడ ఆకలి చావులు దాదాపు లేకుండ పోయాయి. అందుకు ఆయనకు దక్కినది మెప్పు కాదు, విమర్శ. ప్రజల ప్రాణములు కాపాడుటకు ఇంత డబ్బు తగలేయాలా అని ఇంగ్లాండులోని పత్రికలు, అధికారులు నిందించారు. మద్రాసుకు వచ్చిన టెంపుల్ ఆ నింద కడుక్కొనుటకు వచ్చిన మనిషి. నా దృష్టిలో ఈ కథలోని విషాదములలో ఇది ఒకటి. ప్రాణములు నిలిపిన పనికి శిక్ష అనుభవించినవాడు రెండవసారి ఆ పని చేయడు.

అప్పటి వరకు సహాయపు పనులలో మగవానికి రోజుకు ఒకటిన్నర పౌను ధాన్యము ఖరీదు, దానిపైన ఒక అణా ఇచ్చేవారు. టెంపుల్ దానిని ఒక పౌనుకు తగ్గించాడు. అణా అట్లే ఉంచాడు. స్త్రీలకు, పని చేసే పిల్లలకు ఇంకను తక్కువ. ఒక పౌను అంటే 454 గ్రాములు. నేటి లెక్కలో అంత బియ్యము ఇచ్చే శక్తి సుమారు 1,600 కిలో కేలరీలు. బరువు పని చేసే మగవానికి 3,400 కిలో కేలరీలకు పైగా కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచనలు చెప్తాయి. ఆ ఒక్క అణాతో ఉప్పు, మిరప, పప్పు, వంటచెరకు, బట్ట అన్నీ కొనవలెను. ఈ తిండి తిని దినమంతా రాళ్ళు కొట్టవలెను, మట్టి మోయవలెను.

దీనికి తోడు "పరీక్షలు" పెట్టారు. నిజముగా ఆకలిగొన్నవాడు ఎంత దూరమైనా వస్తాడు, రానివాడికి ఆకలి లేనట్టే అన్నది వారి తర్కము. కాబట్టి బలముగల పెద్దలకు ఇంటికి దగ్గరలో పని ఇవ్వక, పది మైళ్ళ దూరపు శిబిరములకు పొమ్మన్నారు. అక్కడనే రాత్రులు పడుకోవలెను. ముసలివారిని, బాలింతలను, పశువులను వదలి వెళ్ళలేనివారు ఇంటిలోనే మిగిలిపోయారు. వెళ్ళినవారు గుంపులలో కలరా పాలయ్యారు. మద్రాసు పట్టణమునకు నడచి వచ్చినవారిని పోలీసులు పోగుచేసి శిబిరములకు తరలించారు. బొంబాయి రాష్ట్రములో ఈ కొత్త కూలిని ఒప్పుకొనక వేలాది మంది పని మానివేశారు. పూనా సార్వజనిక సభ వారి పక్షమున ప్రభుత్వమునకు వ్రాసింది. మన జిల్లాలలో అట్టి సభ లేదు.

దూరపు పరీక్షను తలచినప్పుడెల్ల నాకు 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము గుర్తుకు వస్తుంది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకము ప్రారంభమైనది రాయలసీమలోనే, అనంతపురము జిల్లా బండ్లపల్లిలో. పని ఇంటికి 5 కిలోమీటర్ల లోపల చూపవలెను, దూరమైతే 10 శాతము కూలి అదనము, పని స్థలములో త్రాగునీరు, నీడ, ప్రథమ చికిత్స, పసిబిడ్డలను చూచుటకు మనిషి ఉండవలెను అని అందులో వ్రాశారు. ఆ షరతులు ఎక్కడ నుండి వచ్చాయో తెలియనివారికి అవి గుమాస్తాల నియమములుగా కనబడవచ్చు. 1877ను చదివినవారికి వాటిలో ప్రతి అక్షరము వెనుక ఎవరో ఒకరు చనిపోయినట్లు కనబడుతుంది.

టెంపుల్‌ను ఎదిరించినవాడు డాక్టరు విలియం రాబర్ట్ కార్నిష్, మద్రాసు రాష్ట్రపు శానిటరీ కమీషనరు. ఆయన ఉద్యమకారుడు కాడు, మిషనెరీ కాడు, ప్రభుత్వోద్యోగి. కాని ఈ విషయములో ఆయనకున్న సిద్ధపాటు అప్పటి ఇండియాలో మరెవరికిని లేదనవచ్చు. 1863లోనే ఆయన మద్రాసు రాష్ట్ర ప్రజలు ఏమి తింటారు, ఎంత తింటారు అని జిల్లాల వారీగా సమాచారము సేకరించి నివేదిక ప్రచురించాడు. 1871 మద్రాసు జనాభా లెక్కల నివేదికను కూడ ఆయనే తయారు చేశాడు. అంటే రాష్ట్రములో ఎందరున్నారో, వారు ఏమి తిని బ్రతుకుతారో రెండును తెలిసినవాడు.

ఆయన వాదన సూటియైనది. కనీసము ఒకటిన్నర పౌను ధాన్యము, దానితో పప్పు, కూరగాయలు కావలెను. గింజలు మాత్రమే తినువాని శరీరములో కండ తరుగుతుంది. రెండవది, జైలులో ఖైదీకి ఇచ్చే భోజనము ఈ కూలికంటె మెరుగు. నేరము చేసినవానిని ఏ కొలతతో బ్రతికిస్తున్నామో, నేరమేమియు చేయని కూలివానికి అంతకంటె తక్కువ ఇచ్చి ఎక్కువ పని చేయించుట ఏ న్యాయము? మూడవది వైద్యులకే తోచే మాట. అరకొర తిండి ఒక్క దినములో చంపదు. మనిషి నడుస్తూనే ఉంటాడు, గంప మోస్తూనే ఉంటాడు, చూచువారికి బాగున్నట్లే ఉంటాడు. టెంపుల్ శిబిరములను చూచి కూలివారి స్థితి బాగానే ఉన్నదని వ్రాశాడు. లోపల శరీరము తననుతాను తినివేస్తున్నది. ఆ స్థితిలో ఒక విరేచనము, ఒక చలిజ్వరము చాలును.

ఆయన చెప్పినది మద్రాసు రాయపురములో కత్తి క్రింద బయటపడింది. డాక్టరు అలెగ్జాండర్ పోర్టర్ అక్కడి శిబిరములో చనిపోయిన వందలాది మంది శరీరములను కోసి పరీక్షించి, 1889లో ఆ ఫలితములను గ్రంథముగా ప్రచురించాడు. దీర్ఘకాలము ఆకలిగొన్నవారి ప్రేగుల గోడలు పలుచబడి, ఆహారమును పీల్చుకొనే శక్తి పోగొట్టుకొన్నాయి. కాబట్టి ఆలస్యముగా అన్నము పెట్టినను వారు బ్రతుకలేదు. తిన్నది తిన్నట్లే పోయింది. ఈ దృష్టితో చూస్తే కూలి తగ్గించుట అనేది కొన్ని నెలలు నడిపి, తప్పైతే వెనుకకు తీసికొనదగిన ప్రయోగము కాదు.

కరువు మరణములు పుస్తకములలో "ఆకలి" అనే పేరుతో కనబడవు. గ్రామాధికారి కలరా అని, జ్వరము అని, రక్తవిరేచనములు అని, మశూచి అని వ్రాస్తాడు. మామూలు ఏండ్ల సగటుతో పోల్చి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. 1877 చివరిలో వానలు వచ్చాయి. జనము సంతోషించవలసిన సమయములో మలేరియా వచ్చి, అప్పటికే ఎండిపోయిన శరీరములను వేల సంఖ్యలో తీసికొనిపోయింది. కరువు ముగిసినది అని కచ్చేరీలో అనుకొన్న తరువాత చనిపోయిన వీరిని ఏ లెక్కలో వ్రాయాలి?

కార్నిష్ వాదన పూర్తిగా ఓడిపోలేదు. కొన్ని నెలలకే మద్రాసు ప్రభుత్వము ఆయన మాటను సగము మన్నించి, పౌనుంపావు ధాన్యమునకు, దానితో ఒకటిన్నర ఔన్సు పప్పుకు కూలి పెంచింది. అప్పటికే చాలా ఆలస్యమైనది. టెంపుల్ 1877లోనే బొంబాయి గవర్నరు అయ్యాడు.

ఆమోసు ప్రవక్త తన గ్రంథము 8వ అధ్యాయములో కొలపాత్రను చిన్నది చేసి బీదలను మ్రింగువారిని గూర్చి మాట్లాడినప్పుడు ఆయన ఎదుట ఉన్నది సంతలోని వర్తకుడు. ఆ వచనములను మన ప్రసంగములలో కూడ వర్తకునికే అన్వయిస్తాము. కొలపాత్రను చిన్నది చేసినది ప్రభుత్వమే అయినప్పుడు, అది చట్టబద్ధముగా, పొదుపు అనే పేరుతో జరిగినప్పుడు ఆ వాక్యమును ఎట్లు చదువవలెనో వేదాంత విద్యార్థులు ఆలోచించవలెను.

కాబూలు దారిలో పోయిన డబ్బు

కరువును యుద్ధము తెచ్చిందని కొందరు వ్రాస్తారు. అది సరికాదు, రెండవ ఆఫ్ఘను యుద్ధము 1878 నవంబరులో మొదలైంది, అప్పటికి మన జిల్లాలలో వానలు పడినవి. యుద్ధము చేసిన హాని వేరు. ఇన్ని లక్షల మరణములు చూచిన తరువాత, రాబోయే కరువులకు ఏటా కోటిన్నర రూపాయలు ప్రక్కన పెడతామని ప్రభుత్వము ప్రకటించింది. దాని కొరకు 1878లో చిన్న వర్తకుల మీద, చేతిపనులవారి మీద లైసెన్సు పన్ను వేసింది. ఈ డబ్బు కరువుకే అని మాట ఇచ్చింది. కరువులో సగము మునిగి బయటపడిన కుండలవాడు, నూనెవాడు ఆ పన్ను కట్టాడు.

1879 నాటికి ఆ మాట నిలువలేదు. ఆఫ్ఘను యుద్ధపు ఖర్చు, వెండి విలువ పడిపోవుట అని కారణములు చెప్పి ఆ మొత్తమును ప్రక్కన పెట్టుట మానివేశారు. యుద్ధ వ్యయము మొదటి అంచనాను చాలా మించిపోయినదని 1880లో బయటపడి పార్లమెంటులో అల్లరి జరిగింది. గ్లాడ్‌స్టన్ ప్రభుత్వము 50 లక్షల పౌండ్లు బ్రిటిషు ఖజానా నుండి భరించింది. మిగిలినదంతా ఇండియా ప్రజల మీదనే పడింది. ఫ్లారెన్స్ నైటింగేల్ 1878 ఆగస్టులోనే ఒక లండను మాసపత్రికలో ఇండియా రైతులను గూర్చి వ్రాసి, ఈ మరణములు ఇంగ్లాండు మనస్సాక్షి యెదుట ఉన్నవని హెచ్చరించింది. మనము ఆమెను దీపము పట్టుకొన్న నర్సుగానే ఎరుగుదుము. ఆమె జీవితములో సగము ఇండియా ఆరోగ్య లెక్కలతో పోరాడుటలో గడిచినది.

కాలువ గట్టు మీద సంఘము

ఇప్పుడు గుండ్లకమ్మకు రావచ్చును. జాన్ ఎవరెట్ క్లౌ అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ, సర్వే పని తెలిసినవాడు. కరువు పనిగా ప్రభుత్వము త్రవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ పని ఆయన కాంట్రాక్టుకు తీసికొన్నాడు. ఇతర చోట్ల మాదిగలు తిట్లు, దెబ్బలు తిని, కూలిలో కోత పడి తిరిగి వచ్చేవారు. ఇక్కడ మేస్త్రీలు వారి స్వంత బోధకులే. కూలి పూర్తిగా చేతికి వచ్చేది. గంపలు దించి కూర్చున్నప్పుడు బోధకులు మాట్లాడేవారు. కరువు నడుస్తున్నంత కాలము, ఏడాదికి పైగా, క్లౌ బాప్తిస్మములు ఆపివేశాడు. అన్నము చూచి వచ్చారని ఎవరును అనకూడదని. సహాయపు డబ్బు అయిపోయినదని చెప్పి పంపిన తరువాత కూడ జనము వచ్చారు. అప్పుడు జరిగినది 2,222.

"తిండికి మారినవారు" అన్న నిందకు మనవారు ఈ సంగతినే జవాబుగా చెప్తారు. ఆ జవాబు నిజమే గాని చాలదు. కాలువ గట్టున ఆ ప్రజలకు దొరికినది తూకము తప్పని కూలి, తిట్టు లేని మాట, తమ జాతివాడైన మేస్త్రీ. ప్రభుత్వము పరీక్ష పెట్టిన చోట ఒక మిషను లెక్క సరిగా చెప్పింది. దానిని ఆత్మసంబంధము, శరీరసంబంధము అని రెండుగా కోయుట మన పుస్తకముల అలవాటు. మట్టి మోసినవారికి ఆ భేదము తోచి యుండదు. అయితే నేను చదివినంతలో, ఆకలిగొన్నవారికి అన్నము పెట్టిన మిషనెరీలలో ఆ కూలి రేటునే బహిరంగముగా తప్పుపట్టినవారు అరుదు. ఆ పని ప్రభుత్వ వైద్యుడు చేశాడు. ఇది మనకు కొంత ఇబ్బందికరమైన సంగతి.

మన ప్రాంతములో ఆర్కాటు మిషనువారు చిత్తూరు, పలమనేరు, మదనపల్లెలలో అప్పటికే పని చేస్తున్నారు. తిరుపతి, కాళహస్తి, సూళ్ళూరుపేట ప్రాంతములలో హెర్మన్స్‌బర్గ్ లూథరను మిషను ఉన్నది. ఆగస్ట్ మీలియస్ దానిని 1865లో మొదలుపెట్టాడు. స్కడ్డరు కుటుంబములోని చిన్నపిల్ల ఐడా, ఆరేడేండ్ల వయస్సులో, కరువు పిల్లల నోటిలో రొట్టె ముక్కలు పెట్టిన సంగతి ఆమె జీవిత చరిత్రలలో ఉన్నది. వేలూరు ఆసుపత్రి ఆ చేతులతోనే కట్టబడింది. చావక, మారక, ఊరు విడిచినవారు మరికొందరు. నేటాలు చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్ళిన తెలుగువారిలో ఉత్తర ఆర్కాటువారు చాలామంది. 1903లో నెల్లూరు నుండి జాన్ రంగయ్య మిషనెరీగా నేటాలు వెళ్ళినప్పుడు ఆయన కాపరియైనది ఇటువంటి కుటుంబములకే.

ఈ చరిత్రలో మన ప్రాంతపు పుట ఇంకను వ్రాయబడలేదు. అందుకు కావలసిన పని పెద్దది కాదు. మీ సంఘము 1880కి ముందు స్థాపించబడినదైతే, బీరువాలో పాత బాప్తిస్మపు పుస్తకము, సమాధి పుస్తకము ఉన్నవేమో చూడండి. చెదలు పట్టి యుంటే ముందుగా ఫొటోలు తీయండి. 1876 నుండి 1879 వరకు ఉన్న పుటలలో పేరు, ఊరు, కులము, వయస్సు, మరణ కారణము వరుసగా వ్రాసికొనండి. "జ్వరము" అని, "విరేచనములు" అని ఉన్న ప్రతి చోట నెల కూడ వ్రాయండి. వానలకు ముందా, తరువాతా అన్నది దాని వలన తెలుస్తుంది. పేరు లేకుండ "ఫలానావాని బిడ్డ" అని మాత్రమే ఉన్నవి కూడ వదలవద్దు.